డ్రోను బ్యాటరీల యాజమాన్యం: సస్యశాస్త్రం పట్టించుకోవలసిన విషయమే

వ్యవసాయ డ్రోనులపై మన పరిశోధన కేంద్రాలలో కొన్నేళ్లుగా సాగుతున్న చర్చలో అధిక భాగం మందు బిందువుల పరిమాణం, గాలికి ద్రావణం కొట్టుకుపోవడం, నాజిల్ ఎంపిక, పైరుపై ఎంత ఎత్తున ఎగరాలి, ఎకరాకు ఎన్ని లీటర్లు సరిపోతాయి అన్న అంశాల చుట్టూనే తిరుగుతున్నది. ఇవన్నీ అవసరమైనవే. అయితే డ్రోను కొన్న రైతును గాని, మహిళా సంఘం సభ్యురాలిని గాని రెండవ సంవత్సరంలో పలకరిస్తే వారి నోట మొదట వచ్చే మాట నాజిల్ కాదు, బ్యాటరీ. మొదట్లో పన్నెండు నిమిషాలు ఎగిరినది ఇప్పుడు ఏడు నిమిషాలకే దిగిపోతున్నదనీ, అయిదు జతలలో రెండు ఉబ్బిపోయాయనీ, కొత్త జత ధర విని మానుకున్నామనీ చెబుతారు. ఈ సమస్యను విద్యుత్ ఇంజనీర్లకు వదిలివేసి మనం పంట వైపు చూస్తూ కూర్చోవడం సరికాదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ బ్యాటరీ ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఖాళీగా పడి ఉండాలో నిర్ణయిస్తున్నది పంటకాలమే.

నమో డ్రోన్ దీదీ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదించింది. 1,261 కోట్ల రూపాయల వ్యయంతో 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోనులు అందించడం దాని లక్ష్యం. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు సబ్సిడీ లభిస్తుంది. మిగిలిన మొత్తాన్ని వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 3 శాతం వడ్డీ రాయితీతో రుణంగా తీసుకోవచ్చు. మార్గదర్శకాల ప్రకారం డ్రోనుతో వచ్చే ప్రామాణిక బ్యాటరీ సెట్టుకు అదనంగా మరో 4 సెట్లు, రెండు చానళ్ల ఫాస్ట్ చార్జరు ఒకటికి తోడు మరొకటి, చార్జరు హబ్ కూడా ప్యాకేజీలో ఉన్నాయి. అదనపు సెట్ల వల్ల డ్రోను ఆగకుండా ఎగురుతుందనీ, రోజుకు 20 ఎకరాలు సులువుగా పూర్తి చేయవచ్చుననీ ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అంటే ఒక్కొక్క సంఘం చేతిలో 5 సెట్లు ఉన్నాయన్నమాట. పది లీటర్ల డ్రోనులలో చాలావాటికి ఒక సెట్టు అంటే రెండు బ్యాటరీలు. ఒక్కో బ్యాటరీలో వరుసగా కలిపిన ఆరు లిథియం పాలిమర్ సెల్లులు. మొత్తం 10 బ్యాటరీలు, 60 సెల్లులు. ఒక ఆవును సాకడం వేరు, మందను సాకడం వేరు. ఒక ఫోనును రాత్రి చార్జింగ్‌కు పెట్టి ఉదయం తీసుకొనే అనుభవం ఈ అరవై సెల్లుల మందకు చాలదు. డ్రోను నడపడంలో శిక్షణ ఇస్తున్నాము గాని, మందను సాకడంలో శిక్షణ ఇవ్వడం లేదు.

20 ఎకరాల లెక్క

ఈ లెక్కను కాగితం మీద ఒకసారి వేసి చూద్దాం. సాధారణంగా వాడే 22.2 వోల్టుల, 16 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిలువ ఉండే శక్తి దాదాపు 355 వాట్ అవర్లు, జతకు 710. బ్యాటరీని పూర్తిగా పీల్చివేయకూడదు గనుక 80 శాతం వాడామనుకుంటే ఒక్కో ప్రయాణానికి సుమారు 570 వాట్ అవర్లు ఖర్చవుతాయి. ఒక జతకు ఒక ఎకరా చొప్పున 20 ఎకరాలకు 11 యూనిట్ల పైచిలుకు విద్యుత్తు కావాలి. చార్జరులో పోయే నష్టం కలిపితే 13 యూనిట్లు దాటుతుంది. ఈ విద్యుత్తు ఖర్చు పెద్దదేమీ కాదు. చిక్కంతా కాలంతోనే.

ఎగరడానికి 12 నిమిషాలు, బ్యాటరీ మార్చి ట్యాంకు నింపడానికి 3 నిమిషాలు, వెరసి ఎకరాకు 15 నిమిషాల వేగంతో పని సాగిందనుకుందాం. 5 జతలు వంతులవారీగా వాడితే ఒక జతకు మళ్లీ వంతు వచ్చేది 75 నిమిషాలకు. అందులో 15 నిమిషాలు డ్రోనుతో పోగా మిగిలినది ఒక గంట. దిగిన బ్యాటరీ వేడిగా ఉంటుంది. మన ప్రాంతంలో పగటిపూట 50 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండడం విచిత్రమేమీ కాదు. 45 డిగ్రీల పైన లిథియం బ్యాటరీని చార్జి చేయకూడదు. నీడలో పెట్టి చల్లారనివ్వడానికి 25 నిమిషాలైనా పడుతుంది. ఇక చార్జింగ్‌కు మిగిలేది 35 నిమిషాలు. ప్యాకేజీలోని రెండు చార్జర్లతో ఒకేసారి రెండు జతలనే చార్జి చేయగలము గనుక ఆ 35 కూడా 30కి దిగుతుంది. బ్యాటరీ సామర్థ్యానికి సమానమైన విద్యుత్తుతో, అంటే 16 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 16 ఆంపియర్లతో, చార్జి చేయడాన్ని 1సి అంటారు. 80 శాతాన్ని అరగంటలో నింపాలంటే సగటున 1.6సి, చివర్లో విద్యుత్తు సన్నగిల్లే దశను కూడా కలుపుకుంటే దాదాపు 2సి కావాలి. ఈ వేగాన్ని మోయడానికి పొలం గట్టున మూడున్నర కిలోవాట్లకు తగ్గని జనరేటరు ఉండాలి. ఆటోలో వెనుక పెట్టుకొని పోయే చిన్న జనరేటరు దీనికి చాలదు.

ఆచరణలో ఏమి జరుగుతున్నది? జనరేటరు చిన్నది, రైతు తొందర పెద్దది. అందుచేత తగ్గించడానికి వీలున్న ఒకే ఒక్క అంశం మీద కోత పడుతుంది. అది చల్లార్చే సమయం. డ్రోను నుండి తీసిన బ్యాటరీ చేతికి వేడిగా తగులుతుండగానే చార్జరుకు తగిలిస్తారు. ఎవరూ దానిని తప్పుగా భావించరు, ఎందుకంటే ఆ రోజు ఏ నష్టమూ కనిపించదు. నష్టం మూడు నెలల తరువాత కనిపిస్తుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

నా దృష్టిలో దీనికి పరిష్కారం ఆరవ జత కొనడం కాదు, లక్ష్యాన్ని సవరించుకోవడం. పిచికారీకి అనువైన వేళలు రోజులో ఎలాగూ రెండే: ఉదయం 6 నుండి 10 వరకు, సాయంత్రం ఎండ తగ్గిన తరువాత. ఉదయం నాలుగు గంటలలో 10 ఎకరాలు చేస్తే ఒక్కో ఎకరాకు 24 నిమిషాలు వస్తాయి. మడి నుండి మడికి మారడం, మందు కలపడం, రైతుతో హద్దులు చూసుకోవడం లెక్కలోకి తీసుకుంటే పొలంలో వాస్తవంగా పట్టే సమయం దాదాపు ఇంతే. ఈ వేగంలో ఒక జతకు మళ్లీ వంతు వచ్చేసరికి రెండు గంటలవుతుంది. 25 నిమిషాలు చల్లారినా, 1సికి కాస్త పైన నెమ్మదిగా చార్జి చేసినా సరిపోతుంది. మధ్యాహ్నం ఊళ్లోకి వచ్చి ఇంటి కరెంటుతో తీరికగా నింపుకొని సాయంత్రం మిగిలిన ఎకరాలు చేయవచ్చు. గంటకు ఎన్ని ఎకరాలు అన్న ప్రశ్న డ్రోను అమ్మేవారికి ముఖ్యం. ఒక జత తన జీవితకాలంలో ఎన్ని ఎకరాలు చేస్తుందన్నది కొన్నవారికి ముఖ్యం.

ఈ రెండవ ప్రశ్నకు డబ్బులో విలువ కట్టి చూడాలి. కేవలం ఉదాహరణకు, ఒక జత ధర 60,000 రూపాయలనుకుందాం. ఆ జత 300 సార్లు ఎగిరితే ఎకరాకు బ్యాటరీ అరుగుదల 200 రూపాయలు. 150 సార్లకే మూలపడితే 400 రూపాయలు. డ్రోను పిచికారీకి ఎకరాకు వచ్చే కిరాయి కొన్ని వందల రూపాయలే. పైలటు కూలి, సహాయకురాలి కూలి, బండి, బ్యాంకు వాయిదా అందులోనుండే రావాలి. తొలి కొనుగోలుకు సబ్సిడీ ఉంది. అరిగిన జతను మార్చుకొనే ఖర్చు సంఘం సంపాదన నుండి రావలసిందే. అనేక సంఘాలు కిరాయి నిర్ణయించుకొనేటప్పుడు బ్యాటరీ అరుగుదలను అసలు లెక్కలోకి తీసుకోవడం లేదు. లాభమని పంచుకుంటున్నది నిజానికి బ్యాటరీలోని మూలధనమే.

పాత అలవాటు, కొత్త బ్యాటరీ

మన రైతులకు బ్యాటరీ కొత్త కాదు. ట్రాక్టరులో, ఇన్వర్టరులో, 16 లీటర్ల చేతి స్ప్రేయరులో సీసం-ఆమ్లం బ్యాటరీని వారు చాలాకాలంగా వాడుతున్నారు. స్ప్రేయరులోని 12 వోల్టుల బ్యాటరీని సీజను అయిన తరువాత అలాగే పక్కన పడేస్తే మరుసటి ఏడు పనిచేయదని వారికి తెలుసు. ఖాళీగా ఉన్న సీసం పలకల మీద సీసం సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుపోతుంది. అది మళ్లీ కరగదు. అందువల్ల ఆ బ్యాటరీని నిండుగా ఉంచాలి, నెలకోసారి మళ్లీ నింపాలి. ఈ సలహాను మనమే గ్రామాలలో పదేపదే చెప్పాము. సరైన సలహాయే.

లిథియం బ్యాటరీ స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. 1991లో వాణిజ్య రూపంలో మార్కెట్లోకి వచ్చిన ఈ బ్యాటరీ మన పల్లెలకు సెల్‌ఫోనుతో పాటు వచ్చింది. దీని సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు, ఆ స్థితిలో లోపలి రసాయనాలు తీవ్రమైన ఒత్తిడిలో ఉంటాయి. వాడకపోయినా ఎలక్ట్రోలైటు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది, వాయువులు వెలువడతాయి, బ్యాటరీ ఉబ్బుతుంది. 3 వోల్టుల కంటే దిగువకు పోనిచ్చినా శాశ్వత నష్టమే. కాబట్టి నిలువ ఉంచవలసినది మధ్యస్థంగా, సెల్లుకు 3.8 నుండి 3.85 వోల్టుల వద్ద. అంటే ఆరు సెల్లుల బ్యాటరీకి 22.8 వోల్టుల పరిసరాలలో. మంచి చార్జర్లలో దీనికోసం ప్రత్యేకంగా ‘స్టోరేజి’ అనే అమరిక ఉంటుంది. ఆ మీట నొక్కినవారిని నేను అరుదుగా చూశాను.

గత వేసవిలో ఒక మహిళా సంఘం వారి డ్రోను గదిని చూశాను. పది బ్యాటరీలు ఒక ఇనుప పెట్టెలో చక్కగా సర్ది ఉన్నాయి, ప్రతి దానిలో చార్జి పూర్తిగా ఉంది. పైన సిమెంటు రేకుల కప్పు. మధ్యాహ్నం ఆ గదిలో నిలబడలేకపోయాము. ఎందుకు నింపి పెట్టారని అడిగితే పైలటు అమ్మాయి చెప్పింది: “ఎప్పుడు పిలుస్తరో తెల్వదు గద సార్, అందుకే అన్ని ఫుల్లు జేసి పెట్టినం. ఖాళీగ ఉంటే ఖరాబయితయని మా నాయిన చెప్పిండు.” ఆమె తండ్రి చెప్పినది ట్రాక్టరు బ్యాటరీకి అక్షరాలా నిజం. ఆ అమ్మాయి నిర్లక్ష్యం చేయలేదు, శ్రద్ధ చూపింది. ఆ శ్రద్ధే ఆ పది బ్యాటరీలను పాడుచేస్తున్నది. దోషం ఎక్కడన్నా ఉంటే అది ఈ రెండు రకాల మధ్య భేదాన్ని గట్టిగా చెప్పని మన విస్తరణ వ్యవస్థది.

ఇంకొక పాత మాట కూడా పల్లెల్లో ప్రచారంలో ఉంది: పూర్తిగా ఖాళీ అయ్యేవరకు వాడి ఆ తరువాతే చార్జి చేయాలని. అది నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. లిథియానికి అది హానికరం.

పంటకాలం, ఎండాకాలం

సస్యశాస్త్రజ్ఞులుగా మనకు సంబంధించిన అసలు విషయం ఇక్కడే ఉంది. తెలుగు రాష్ట్రాలలో పిచికారీ పని ప్రధానంగా జులై నుండి ఫిబ్రవరి వరకు సాగుతుంది: వానాకాలంలో వరి, పత్తి, కంది; ఆ తరువాత మిరప, శనగ, యాసంగి వరి, మొక్కజొన్న. మార్చి నుండి జూన్ మధ్య వరకు డ్రోనుకు పెద్దగా పని ఉండదు. అవే నెలలు మనకు తీవ్రమైన ఎండలు కాసే నెలలు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల 45 డిగ్రీలు దాటడం మనకు పరిపాటి. రేకుల గది లోపల ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ బ్యాటరీ లోపలి అవాంఛిత రసాయన చర్యల వేగం పెరుగుతుంది. స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకు ఆ వేగం రెట్టింపవుతుందని లెక్క. నిండు చార్జి, అధిక ఉష్ణోగ్రత, దీర్ఘకాలం వాడకపోవడం అనే మూడూ కలిస్తే లిథియం బ్యాటరీకి అంతకంటే చెడ్డ స్థితి లేదు. మన పంటల క్యాలెండరు ఏటా ఆ మూడింటినీ ఒకే ఋతువులో జతచేస్తున్నది. చల్లని దేశాలలో తయారైన వినియోగ పుస్తకాలు ఈ నాలుగు నెలల గురించి మనకు కావలసినంత చెప్పవు.

కాబట్టి విత్తనాల నిల్వకు మనం ఎలాగైతే తేమ శాతం, గోదాము ఉష్ణోగ్రత చెబుతున్నామో, బ్యాటరీల వేసవి నిల్వకూ అలాగే ఒక సిఫారసు ఇవ్వాలి. చివరి పిచికారీ అయిన రెండు మూడు రోజులలో అన్ని జతలను నిల్వ వోల్టేజికి తేవాలి. ఇటుక గోడలు, స్లాబు ఉన్న, ఎండ తగలని గదిలో, నేల మట్టానికి దగ్గరగా ఉంచాలి. రిఫ్రిజిరేటరులో పెట్టరాదు, బయటకు తీసినప్పుడు చెమ్మ పడుతుంది. నెలకొకసారి వోల్టేజి చూసి రాసుకోవాలి, తగ్గితే మళ్లీ 3.8కి తేవాలి. మందు డబ్బాలు, పెట్రోలు డబ్బా ఉన్న గది అసలు పనికిరాదు. మనుషులు పడుకొనే గది అంతకంటే పనికిరాదు. ఉబ్బిన లిథియం బ్యాటరీ నిప్పంటుకుంటే మంట క్షణాలలో పెరుగుతుంది, ఆరినట్లు కనిపించి మళ్లీ రాజుకుంటుంది. రాత్రి చార్జింగ్‌కు పెట్టి నిద్రపోవడం అనే అలవాటును డ్రోను బ్యాటరీల విషయంలో పూర్తిగా మానిపించాలి.

సీజను నడుస్తున్నప్పుడు కూడా అయిదు జతలనూ నిండుగా ఉంచనవసరం లేదు. పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియదన్న పైలటు భయం సహేతుకమే. దోమపోటు సోకిన వరి పొలం రెండు రోజులు ఆగదు. అయినా రెండు జతలు నిండుగా, మూడు సగం వద్ద ఉంటే చాలు. సగం నుండి నిండుకు చేరడానికి 1సి వేగంలో అరగంట పైచిలుకు పడుతుంది. మొదటి రెండు జతలు ఎగురుతుండగా మిగిలినవి సిద్ధమవుతాయి.

జోడు కలపడం

రెండు బ్యాటరీలను వరుసగా కలిపినప్పుడు 12 సెల్లులూ ఒకే విద్యుత్తును మోస్తాయి. మొక్కకు ఏ పోషకం అతి తక్కువగా ఉందో దిగుబడి దానిని బట్టే ఉంటుందన్న లీబిగ్ కనిష్ఠ నియమాన్ని మనం మొదటి సంవత్సరం విద్యార్థులకు బోధిస్తాము. బ్యాటరీకి కూడా అదే వర్తిస్తుంది. 12 సెల్లులలో బలహీనమైన ఒక్క సెల్లు మొత్తం జత సామర్థ్యాన్ని నిర్ణయిస్తుంది. చిక్కేమిటంటే పైలటు తెరపై తరచు కనిపించేది మొత్తం వోల్టేజి మాత్రమే. 43.2 వోల్టులు చూపిస్తే సెల్లుకు సగటున 3.6 ఉందని సంతోషిస్తాము. నిజానికి 11 సెల్లులు 3.65 వద్ద, ఒకటి 3.05 వద్ద ఉన్నా మొత్తం 43.2 వోల్టులే. ఆ ఒక్కటి అప్పటికే ప్రమాదపు అంచున ఉంది. మిగిలినవి బాగున్నాయి గనుక డ్రోను ఎగురుతూనే ఉంటుంది, ఆ సెల్లు మరింత దెబ్బతింటూనే ఉంటుంది. చార్జి చేసేటప్పుడు సన్నని తెల్ల కనెక్టరును కూడా తగిలించి, ప్రతి సెల్లు వోల్టేజిని సమం చేసే బ్యాలెన్సు పద్ధతిలోనే చార్జి చేయాలని చెప్పడానికి కారణం ఇదే. తొందరలో ఆ సన్నని తీగను వదిలివేయడం చూస్తున్నాము.

జతల విషయంలో కాడెడ్ల సామ్యం రైతులకు వెంటనే అర్థమవుతుంది. ఒకే వయస్సు, ఒకే బలం గల ఎడ్లనే జోడు కడతాము. కొత్త ఎద్దు పక్కన ముసలి ఎద్దును కడితే రెండూ చెడతాయి. పది బ్యాటరీలు ఒకే రంగులో ఒకే ఆకారంలో ఉన్నప్పుడు పొలం గట్టున ఏవి చేతికి అందితే వాటిని కలిపేస్తారు. ఈ రోజు నాలుగుసార్లు ఎగిరిన దానికి నిన్నటినుండి విశ్రాంతిలో ఉన్నది జతపడుతుంది. అందుచేత కొన్న రోజునే చెరగని సిరాతో ఒకటి-అ, ఒకటి-ఆ. రెండు-అ, రెండు-ఆ అని రాసి, ఆ జోళ్లను చివరివరకు విడదీయకూడదు. జోడులో ఒకటి పాడైతే రెండవదానికి కొత్తదానిని కలపకూడదు. పాడైన మరొక జోడులో మిగిలిన దానితో, సామర్థ్యం పోల్చి చూసిన తరువాతే కలపాలి. పక్కపక్కనే సమాంతరంగా కలిపి చార్జి చేసే పలకలు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 25 వోల్టుల నిండు బ్యాటరీని 21.5 వోల్టుల ఖాళీ బ్యాటరీతో నేరుగా కలిపితే, వాటి అంతర్నిరోధం అత్యల్పం గనుక ఒకదానినుండి మరొకదానికి వందకు పైగా ఆంపియర్లు దూకుతాయి.

అయిదు జతలను సమానంగా తిప్పాలా, రెండింటిని ఎక్కువగా వాడి మూడింటిని కాపాడుకోవాలా అని కొందరు అడుగుతున్నారు. సమానంగా తిప్పడమే మేలని నా అభిప్రాయం. కాపాడుకున్నవి కూడా వయసుతో పాటు క్షీణిస్తాయి. దాచిన బ్యాటరీ దాచిన ధాన్యం వంటిది కాదు. పైగా కొన్నిటినే వాడితే వాటికి చల్లారే వ్యవధి ఉండదు. అయితే ఒక జోడు స్పష్టంగా బలహీనపడిన తరువాత దానిని సమాన వంతులో ఉంచడం మొండితనమే. అటువంటి జోడుకు ట్యాంకు సగమే నింపి, గట్టుకు దగ్గరగా ఉన్న మడులకు వాడుకోవచ్చు.

ఇక్కడ బరువు సంగతి చెప్పాలి. డ్రోను గాలిలో నిలబడడానికి కావలసిన శక్తి బరువుతో సమానంగా కాక, అంతకంటే వేగంగా పెరుగుతుంది. పది లీటర్లు నిండిన ట్యాంకు అంటే పది కిలోల అదనపు బరువు. కాబట్టి ప్రయాణం మొదట్లో, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, బ్యాటరీపై భారం గరిష్ఠం. మందు అయిపోయేకొద్దీ భారం తగ్గుతుంది. నిండు బ్యాటరీతో నిండు ట్యాంకు మోసుకుపోతే రెండూ కలిసి తరుగుతాయి గనుక ఇది మంచి అమరికే. పొలంలో కనిపించే ప్రమాదకరమైన అలవాటు ఏమిటంటే, ట్యాంకు ఖాళీ అయి బ్యాటరీలో ఇంకా 40 శాతం ఉందని, వృథా చేయడమెందుకని, మళ్లీ ట్యాంకు నింపి అదే బ్యాటరీతో పైకి లేపడం. అలసిన బ్యాటరీ మీద గరిష్ఠ భారం పడి వోల్టేజి ఒక్కసారిగా కుంగుతుంది. డ్రోను పని మధ్యలో ఆపి వెనుదిరుగుతుంది, లేదా పైరులో పడుతుంది. వెనుదిరిగినప్పుడు ఆగిన చోటు నుండి మళ్లీ మొదలుపెడితే అక్కడ ఒక పట్టీకి మందు రెండుసార్లు పడడమో, అసలు పడకపోవడమో జరుగుతుంది. కలుపు మందు అయితే ఆ పట్టీ వారం తరువాత దూరం నుండి కూడా కనిపిస్తుంది. బ్యాటరీ యాజమాన్యం సస్యశాస్త్రంలో భాగమని నేననడానికి ఇదొక కారణం.

ఈ మాట చెప్పినప్పుడు ఇంజనీరింగ్ మిత్రులు ఒక అభ్యంతరం తెలుపుతారు. కొత్తగా వస్తున్న స్మార్ట్ బ్యాటరీలు సెల్లులను తామే సమం చేసుకుంటాయి, వేడెక్కితే చార్జింగ్ ఆపుతాయి, కొన్ని అయితే వాడకుండా వదిలితే కొద్ది రోజులలో తమంతట తామే నిల్వ స్థాయికి దిగుతాయి; ఇక మనిషికి పనేమిటని. ఇందులో కొంత నిజం ఉంది, అటువంటి బ్యాటరీలను నేను స్వాగతిస్తాను. కాని బ్యాటరీలోని ఎలక్ట్రానిక్ పలక దానిని రేకుల గదిలోనుండి స్లాబు గదిలోకి మార్చలేదు. ఏ జోడుకు ఈ రోజు ఎన్నో వంతో పైలటుకు చెప్పదు. అంతకంటే ముఖ్యంగా, ఇప్పటికే గ్రామాలలో ఉన్న బ్యాటరీలలో చాలావాటికి అటువంటి పలక లేదు. అవి ఇంకా కొన్ని సీజన్లు గడపాలి. మరొక చిక్కు ఏమిటంటే, స్మార్ట్ బ్యాటరీలు ఏ కంపెనీవి ఆ కంపెనీ డ్రోనుకే సరిపోతాయి. పక్క ఊరి సంఘం నుండి అత్యవసరంగా ఒక జత అరువు తెచ్చుకొనే వీలు కూడా పోతుంది. కనెక్టరు, వోల్టేజి, కొలతల విషయంలో ప్రామాణికత కోరవలసినది కొనుగోళ్లకు నిధులిస్తున్న ప్రభుత్వమే. ఒక్కొక్క సంఘానికి ఆ బేరమాడే శక్తి లేదు.

మన విశ్వవిద్యాలయాలు చేయగలిగినది తక్కువేమీ కాదు. పైలటు శిక్షణలో నియమ నిబంధనలకూ, ఎగరడానికీ, సస్యరక్షణకూ సమయం కేటాయిస్తున్నాము. బ్యాటరీకి ఒక పూర్తి రోజు, అదీ చేతితో చేసే పనిగా, కేటాయించాలి. ప్రతి సంఘానికి పాసు పుస్తకం వంటి ఒక బ్యాటరీ పుస్తకం తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. జోడు సంఖ్య, తేదీ, ఎగిరిన నిమిషాలు, దిగినప్పుడు అతి తక్కువగా ఉన్న సెల్లు వోల్టేజి, ఈ నాలుగే చాలు. పది గడులు పెడితే ఎవరూ నింపరు. కృషి విజ్ఞాన కేంద్రాలలో భూసార పరీక్ష చేస్తున్నట్లే, ఏడాదికి ఒకసారి బ్యాటరీ సామర్థ్యాన్ని, అంతర్నిరోధాన్ని కొలిచి చెప్పే ఏర్పాటు కావాలి. దానికి కావలసిన పరికరం ఖరీదైనదేమీ కాదు. ఏప్రిల్‌లో ఒకసారి పరీక్షిస్తే, ఏ జోడు వానాకాలానికి పనికి వస్తుందో, ఏది రాదో జూన్‌కు ముందే తెలిసి డబ్బు సమకూర్చుకోవచ్చు. పత్తిలో పిచికారీ మధ్యలో తెలిస్తే ఆ సీజను కిరాయి పోయినట్లే.

పరిశోధన పరంగా కూడా ఖాళీ ఉంది. ఒకే రకం బ్యాటరీలను మూడు నిల్వ స్థాయిల్లో, రెండు రకాల గదుల్లో ఒక వేసవి ఉంచి, ఆ తరువాత వాటి సామర్థ్యాన్ని పోల్చే ప్రయోగానికి స్నాతకోత్తర విద్యార్థి ఒకరు, గది ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరాలు రెండు, ఓపిక ఉంటే చాలు. మన ఎండలో, మన పిచికారీ సరళిలో ఒక జత ఎన్ని ఎకరాలు చేస్తుందన్న స్థానిక సంఖ్య అప్పుడు మన చేతికి వస్తుంది. ఆ సంఖ్య లేకుండా కిరాయి ఎంత ఉండాలో, బ్యాంకు వాయిదా ఎంత పెట్టాలో ఎవరు చెప్పినా అది ఊహే.

చివరగా, మూలపడిన బ్యాటరీల సంగతి. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల యాజమాన్య నిబంధనలు పాత బ్యాటరీలను వెనక్కి తీసుకొనే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. వాడకందారు వాటిని ఇతర చెత్తతో కలపకుండా విడిగా అప్పగించాలని చెబుతున్నాయి. పాత సీసం బ్యాటరీకి ఊళ్లో ధర పలుకుతుంది గనుక అది ఎలాగో పాత సామాన్ల వ్యాపారికి చేరుతుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఎవరూ కొనరు. అది గది మూలన, పెరట్లో, పశువుల పాక అటక మీద ఉండిపోతున్నది. డ్రోను అమ్మిన కంపెనీ ప్రతినిధి సర్వీసుకు వచ్చినప్పుడే ఉబ్బినవాటిని లెక్కపెట్టి, రశీదు రాసిచ్చి తీసుకుపోవాలన్న షరతును వార్షిక నిర్వహణ ఒప్పందంలో చేర్చాలి. రాబోయే కొనుగోళ్ల టెండరు పత్రాలలోనే ఈ వాక్యం ఉండేటట్లు వ్యవసాయ శాఖ చూడాలి.